ద్వీపాంతరవాసి మౌల్వీ అలాఉద్దీన్

నల్లగొండ సీమలో పుట్టినవానికి సముద్రము కథలలో వినునదే గాని కన్నులార చూచునది కాదు. ఎటు చూచినను ఎఱ్ఱనేల, నడుమనడుమ ఎవరో మోసికొనివచ్చి పేర్చినట్లుండు బండరాళ్ల గుట్టలు, తాటితోపులు, వానకై ఎదురుచూచు చెఱువులు. ఏడాది పొడుగున ఏడెనిమిదివందల మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ యేడు గట్టెక్కినట్లేయని రైతు ఊపిరి పీల్చుకొను దేశమది. పట్టణమునకు కాపున్నట్లు రెండు గుట్టలు. వానిలో ఒకదానిపై లతీఫ్ సాహెబు దర్గా. ఆ గుట్ట ఎక్కినవానికి నలుదిక్కుల కనబడునది నేలయే. ఉత్తర సర్కారులు కుంపిణీవారి వశమైన పిదప నిజాము రాజ్యమునకు జానెడు సముద్రతీరమైనను మిగులలేదు. అట్టి మెట్టసీమలో 1824వ సంవత్సరమున జన్మించిన ఒక పండితుడు తన జీవితములో మూడవ వంతుకు పైగా, ఎటు చూచినను సముద్రమే కనబడు ద్వీపములలో గడిపెను. అక్కడనే మట్టిలో కలిసెను. ఆయనయే మౌల్వీ సయ్యద్ అలాఉద్దీన్. హైదరాబాదు నగరమున 1857లో జరిగిన తిరుగుబాటునకు నాయకులైన ఇరువురిలో ఒకడు.

ఆయన తండ్రి పేరు హఫీజుల్లా. వంశము సయ్యదులది. మౌల్వీ అను మాటయే తెలుపునట్లు మతశాస్త్రములు చదివినవాడు. చదివినదానిని పదిమందికి చెప్పగలవాడు. హైదరాబాదు చేరి మక్కా మసీదులో ఇమాముగా ఉండెను. కుతుబ్‌షాహీలు ప్రారంభింపగా ఔరంగజేబు కాలమున 1694లో పూర్తియైన ఆ మసీదు దక్షిణాపథములోని పెద్ద మసీదులలో ఒకటి. శుక్రవారమునాడు వేలకొలది జనము అక్కడ చేరుదురు. వార్తాపత్రికలు ప్రజలకు అందుబాటులో లేని ఆ కాలమున నగరవాసులకు లోకవార్త తెలియు చోటు అదియే, దానిపై మంచిచెడ్డలు తర్కించుకొను చోటును అదియే. కనుక ఇమాము నోటి మాటకు దివాను ఫర్మానునకు దీటగు బలముండెను. కత్తి పట్టుట ఆయన వృత్తి కాదు. కాలము పట్టించినది.

1857 మే నెలలో నవాబు నాసిరుద్దౌలా మరణింపగా అఫ్జలుద్దౌలా గద్దె నెక్కెను. రాజ్యభారము దివాను సాలారుజంగు చేతిలో నుండెను. ఆయనకు వెనుక ఇంగ్లీషు రెసిడెంటు కర్నలు డేవిడ్‌సన్. మీరటు, ఢిల్లీ వార్తలు ఒకటొకటిగా నగరము చేరుచుండెను. ఆ దినములలోనే ఔరంగాబాదు వైపు కంటింజెంటు సైన్యములోని జమేదారు చీదాఖాన్, తన దేశస్థులపై యుద్ధమునకు పోనని తిరుగబడి, కొద్దిమంది అనుచరులతో హైదరాబాదునకు వచ్చెను. నిజాము ఆశ్రయ మిచ్చునని ఆతని ఆశ. సాలారుజంగు ఆతనిని పట్టించి రెసిడెన్సీకి అప్పగించెను. ఆశ్రయము కోరి వచ్చినవానిని శత్రువునకు అప్పగించుట నగరవాసులకు తలకొట్టినట్లయ్యెను. దివాను చేసినది రాజనీతి యనువారు అప్పుడును కలరు, నేడును కలరు. కాని రాజనీతికి వీథిలో మన్నన లేదు.

జులై 17వ తేది శుక్రవారము. మధ్యాహ్న ప్రార్థన ముగిసిన పిదప జనము ఇండ్లకు పోలేదు. చీదాఖానును విడిపింపవలెనని పట్టుబట్టిరి. సాయంకాలమునకు సుమారు 500 మంది, వారిలో రోహిల్లాలే అధికము, కోఠీలోని రెసిడెన్సీ వైపు కదలిరి. ముందు నడచినవారు బేగంబజారు వీరుడు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్. రెసిడెన్సీ పడమటి గోడకు ఎదురుగా నున్న సాహుకార్ల యిండ్లు రెండు ఆక్రమించుకొని అక్కడినుండి తుపాకులు పేల్చిరి. తోట తలుపు విరుగగొట్టిరి. కాని దివాను ముందుగనే కబురంపియుండుటచే లోపల ఫిరంగులు సిద్ధముగా నుండెను. రాత్రి తెల్లవార్లు కాల్పులు జరిగెను. తుపాకి ఫిరంగికి ఎంతసేపు నిలువగలదు? తెల్లవారుజామునకు వారు చెదరిపోయిరి. లెక్కకు చూచినచో ఒక్క రాత్రి యుద్ధము. అందులో పాల్గొన్న ఇరువురు నాయకుల జీవితములు మాత్రము ఆ రాత్రితో రెండు వేఱువేఱు త్రోవలు పట్టెను.

తుర్రెబాజ్ ఖాన్ త్రోవ పొట్టిది. ఆతడు పట్టుబడెను, ద్వీపాంతరశిక్ష పడెను, ఓడ ఎక్కింపకముందే, 1859 జనవరి 18న చెఱనుండి తప్పించుకొనెను. ఆతని తలకు 5,000 రూపాయల వెల కట్టిరి. ఆఱు దినములు గడువకమునుపే, జనవరి 24న, తూప్రాన్ దగ్గఱ కుర్బాన్ అలీ బేగ్ చేతిలో హతుడయ్యెను. శవమును నగరమునకు తెచ్చి సంకెళ్లతో వ్రేలాడగట్టిరి. ప్రజలకు వెఱపు కలుగుటకు చేసిన ఆ పనివలన ఆతని పేరు ప్రజల నాలుకపై నిలిచిపోయెను. బడాయికి పోవువానిని తుర్రంఖానుతో పోల్చి ఎత్తిపొడుచుట తెలంగాణములో ఇప్పటికిని వాడుక. ఆ పేరు ఈ వీరునిదేయని జనశ్రుతి.

అలాఉద్దీన్ పేరు ఏ సామెతలోనికిని ఎక్కలేదు. ఆతని కథలో తప్పించుకొని పాఱిపోయిన రాత్రి లేదు, అడవిలో పోరాటము లేదు. శిక్ష యనగా ఆయనకు ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము; మరునాడు మరల అదియే. సామెతకు లొంగని కష్టమది.

దాడి విఫలమైన పిదప ఆయన నగరము విడిచి, మంగళపల్లిలో పీర్ మహమ్మద్ అనువాని యింట చాలకాలము తలదాచుకొనెను. తుదకు పట్టుబడెను. విచారణ జరిగి యావజ్జీవ ద్వీపాంతరవాసము విధింపబడెను. 1859 జూన్ 28న ఆయనను అండమానునకు పంపిరి. అప్పటికి వయస్సు ముప్పదియైదు.

ద్వీపాంతరము అను మాట తెలుగు న్యాయస్థానములలో పాతదే. ఇంగ్లీషువారు అండమానునకు పూర్వము పెనాంగునకు, మలాకాకు, సింగపూరునకు ఖైదీలను పంపుచుండిరి. హిందూస్థానీలో కాలాపానీ, అనగా నల్లనీరు, అనిరి. సముద్రము దాటినవానికి కులము పోవునను భయము హిందువునకు. చచ్చినచో తనవారి గోరీల నడుమ చోటు దొరకదను బాధ మహమ్మదీయునకు. శిక్ష వేసినవారికి ఈ రెండును తెలియును. గోడలు కట్టుట కంటె నీరు చుట్టియున్న నేలపై వదలుట చవుకయని కూడ వారికి తెలియును.

అండమానులో ఇంగ్లీషువారు 1789లోనే ఒక వలస నెలకొల్పిరి. రోగములకు తాళలేక 1796లో విడిచిపోయిరి. 1857 తిరుగుబాటుతో ఉత్తర హిందూదేశపు చెఱలన్నియు నిండిపోగా ఆ ద్వీపములు మరల జ్ఞప్తికి వచ్చెను. 1858 మార్చి 10న డాక్టరు వాకర్ అను అధికారి 200 మంది ఖైదీలతో పోర్టుబ్లెయరు రేవున దిగెను. మొదట చాథం దీవిలో దిగి, అక్కడ మంచినీరు లేనందున రాస్ దీవికి మకాము మార్చెను. తరువాతి మూడు నెలల లెక్క చూచినచో ఆ వలస ఎట్టిదో తెలియును. జూన్ 12 నాటికి వచ్చినవారు మొత్తము 773 మంది. వారిలో ఆసుపత్రిలో చనిపోయినవారు 64. అడవిలోనికి పాఱిపోయి మరల కనబడనివారు 140. పాఱిపోయి పట్టుబడగా ఉరితీయబడినవారు 87. ఆత్మహత్య చేసికొన్నవాడు ఒకడు. మిగిలినవారు 481. బర్మా రాజ్యము అడవికి ఆవలనే కలదని, నడచి పోవచ్చునని ఖైదీలలో ఒక వదంతి ఉండెను. ఉత్తరదేశపు మైదానములలో పుట్టినవారికి ద్వీపమనగా నిజముగా నాలుగు వైపుల నీరేయని మనస్సునకు ఎక్కలేదు. నల్లగొండవానికి మాత్రము ఎట్లు ఎక్కును?

అలాఉద్దీన్ పంపబడుటకు ఆఱు వారములకు ముందు, 1859 మే 17న, అండమాను ఆదిమవాసులు వలసమీద విరుచుకుపడిరి. తమ అడవి నరకుచున్నవారిని తఱిమివేయుటకు వారు చేసిన ప్రయత్నములలో అదియే పెద్దది. దూధనాథ్ తివారీ అను ఖైదీ, అంతకు ఏడాది మునుపు పాఱిపోయి వారిలో కలిసి వారి పిల్లను పెండ్లాడినవాడు, ఆ దాడి సంగతి ముందుగా వచ్చి ఇంగ్లీషువారికి చెప్పెను. బాణములతో వచ్చినవారు తుపాకుల ముందు ఓడిపోయిరి. తివారీకి క్షమాభిక్ష దొరకెను. రెండేండ్ల క్రిందట కోఠీలో జరిగినదే ఇక్కడ మరల జరిగినట్లున్నది. ముందుగా కబురు చేర్చిన మనిషి, సిద్ధముగా నున్న తుపాకులు, చెదరిపోయిన గుంపు, అన్నియు ఒకటే.

అక్టోబరులో వాకర్ పోయి కెప్టెను హాటన్ అధికారి యయ్యెను. ఆతడు కొంత దయగలవాడు. అయినను పని మాఱలేదు. ద్వీపప్రవాసి దినచర్య ఈ తీరున నుండెను. తెల్లవారకముందే హాజరు పిలుపు. పేరుతోపాటు ప్రతివానికి ఒక అంకె. ఆ అంకె చెక్కిన బిళ్ల మెడలో వ్రేలాడవలెను. మొదటి తరగతులవారికి కాళ్లకు ఇనుము. మనుషులను ముఠాలుగా విభజించి ఒక్కొక్క ముఠాకు ఖైదీలలోనుండియే ఒక పెద్దను పెట్టుదురు. వానిని తండేలు అందురు. కోస్తా తెలుగు జాలరులు పడవ నడుపు పెద్దను పిలుచు మాటయే అది; ఓడలనుండి చెఱలోనికి ప్రాకినది. తండేలు వెనుక గొడ్డళ్లతో అడవిలోనికి నడక. పడౌకు, గర్జను వంటి మహావృక్షములు. గొడ్డలి అంచు వంగునంత గట్టివి. కొమ్మ గీచినను, ముల్లు గ్రుచ్చినను ఆ తేమలో పుండగును. పుండు మానక కాలు తీసివేయవలసిన వారెందఱో. పాదములకు జలగలు, చెవులకు దోమలు. చలిజ్వరము రానివాడు లేడు.

వానను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. నల్లగొండలో వాన యనగా పండుగ. రోహిణి కార్తె ఎండలకు నెఱ్ఱెలిచ్చిన నేలమీద మృగశిర చినుకు పడిననాడు పిల్లలు వీథిలో గంతులు వేయుదురు. అండమానులో మే నెలలో మొదలైన వాన నైరృతి ఋతుపవనముతో సెప్టెంబరు దాక కురిసి, తిరుగు పవనముతో మరల డిసెంబరు దాక కురియును. ఏడాదికి ఇంచుమించు మూడువేల మిల్లీమీటర్లు. నల్లగొండ నాలుగేండ్ల వాన అక్కడ ఒక్క యేట పడును. ఆకులు కప్పిన పాకలలో తడియని మూల దొరకదు. బట్ట ఆఱదు, తోలు బూజు పట్టును, కాగితము మెత్తబడి ముక్కలగును. పుస్తకములతో బ్రతికిన మనిషికి ఈ చివరిది చిన్న శిక్ష కాదు. వాన కొఱకు దువా చేయు సీమనుండి వాన ఆగుటకై ఎదురుచూచు సీమకు వచ్చినట్లయ్యెను.

తిండికి బియ్యము, పప్పు, గోధుమపిండి ఓడలో రావలెను. మొదటి రోజులలో ఖైదీకి కొంత కూలి ఇచ్చి, దానితోనే తిండి కొనుక్కొనుమనిరి. తరువాత రేషను ఏర్పడెను. జొన్నరొట్టె, సజ్జసంకటి మాట ఎత్తువారే లేరు. చింతపండు కూడ బయటినుండి రావలసినదే. కొబ్బరి సంగతి విచిత్రము. నికోబారు దీవులలో అడుగడుగునను కొబ్బరి యుండగా, అండమాను దీవులలో ఇంగ్లీషువారు వచ్చునాటికి ఆ చెట్టు సహజముగా లేదు. ఇప్పుడు యాత్రికులు మెచ్చుకొను కొబ్బరితోటలకు మూలము ఆ వలసవారు నాటిన మొక్కలే. మామిడి, కూరగాయలు, ఆవులు, మేకలు అన్నియు అట్లే వచ్చినవి. అడవిలో పులి లేదు, చిఱుత లేదు; పెద్ద మృగమనగా అడవిపంది మాత్రమే. చెఱవానికి మృగభయము లేదు. భయమంతయు మనిషితోను, రోగముతోను.

వలసలో పండితులకు కొదువ లేకుండెను. 1857 శిక్షలు చదువుకొన్నవారిమీదను పడినవి. ఖైరాబాదునకు చెందిన మహాపండితుడు మౌలానా ఫజలె హక్ 1859 అక్టోబరులో అక్కడకు చేరి 1861లో మరణించెను. అలహాబాదు నాయకుడు మౌల్వీ లియాకత్ అలీ తరువాత వచ్చెను. థానేసరు నుండి 1866లో వచ్చిన మహమ్మదు జాఫర్ ఉర్దూలో తన ద్వీపాంతరవాసమును గ్రంథముగా వ్రాసెను. చదువు వచ్చిన ఖైదీలను అధికారులు గుమాస్తా పనికి తీసికొనుటయు కలదు. హైదరాబాదు మక్కా మసీదు ఇమాముగా నుండినవాడు ఢిల్లీ, అవధు, బిహారు విద్వాంసుల నడుమ నిలిచెను. తన నగరములో ఉండియున్నచో ఇట్టి కూటమి ఆయనకు దొరకకపోయెడిది. బయట లభింపని సత్సంగము చెఱలో లభించినదని సంతోషింపవలెనో, ఇంతమంది విద్వాంసులు ఒక్క అడవిలో చెట్లు నరకవలసి వచ్చినదని దుఃఖింపవలెనో తెలియదు.

కాలము గడచినకొలది వలసకు ఊరి రూపు వచ్చెను. మంచి నడవడితో ఏండ్లు గడపిన ఖైదీకి సెలవు చీటి దొరకును. అప్పుడాతడు కాళ్ల ఇనుము లేక, కొంత భూమి చేసికొని, గుడిసె కట్టుకొని, తన సంపాదనతో తాను బ్రతుకవచ్చును. ఆడ ఖైదీలను కూడ పంపుచుండుటచే వారిలో పెండ్లిండ్లు జరిగెను. ఏ కులమువాడు ఏ కులముదానిని చేసికొన్నను అడుగువారు లేరు. ఆ పిల్లలకు ఒక్కటే భాష, హిందూస్థానీ. బెంగాలీ, పంజాబీ, బర్మీయుడు, మదరాసు రాజధాని నుండి వచ్చిన తెలుగువాడు, తమిళుడు అందఱును ఆ భాషలోనే బేరమాడవలెను, తిట్టుకొనవలెను, ఓదార్చుకొనవలెను. నల్లగొండలో పుట్టి హైదరాబాదులో పెరిగిన మౌల్వీకి ఆ భాష క్రొత్త కాదు. మదరాసు ఖైదీల ముఠానుండి తెలుగు మాట ఎప్పుడైన చెవిని బడియున్నచో, అది మాత్రము ఆయనకు ఊరిని జ్ఞప్తికి తెచ్చియుండవలెను.

ప్రవాసము దక్షిణ తెలంగాణమునకు తెలియనిది కాదు. పాలమూరు కూలీలు పాఱలు భుజాన వేసికొని, పిల్లలను చంక నెత్తుకొని, ఏ దేశముననో కాలువలు త్రవ్వుటకు పోవుదురు. కోస్తా తెలుగువారు అదే శతాబ్దమున కోరంగి, విశాఖపట్టణము రేవులనుండి బర్మాకు, మారిషసునకు ఓడలెక్కిరి. వారి కష్టములు వారివి. కాని పాలమూరు కూలికి పండుగకో, తొలకరికో ఇంటికి మరలు దినము కలదు. మారిషసు పోయినవానికి ఒప్పందమునకు గడువు కలదు. యావజ్జీవ ద్వీపాంతరవాసికి లెక్కపెట్టుకొనుటకు దినములే లేవు. ఓడ వచ్చినదా లేదా యనునదే ఆతనికి పంచాంగము. ఓడతో క్రొత్త ఖైదీలు వత్తురు, పాతబడిన వార్తలు వచ్చును, బియ్యము వచ్చును. మరల సముద్రము ఎప్పటివలె నుండును.

ఒక్క విషయము. పోర్టుబ్లెయరు నల్లగొండకు చాల తూర్పున నుండుటచే అక్కడ ప్రొద్దు ముప్పాతిక గంటకు పైగా ముందు పొడుచును. ఊరిలో ఇంకను చీకటియున్న వేళకే ఆయన ఉదయ ప్రార్థన ముగియును. మక్కా దిక్కునకు ముఖము త్రిప్పి నిలుచున్నచో ఆ రేవునుండి చూపు పడమర నుండి కొంచెము ఉత్తరమునకు ఒరగును. పటముమీద ఆ దిక్కుననే గీత గీచినచో అది బంగాళాఖాతము దాటి, తెలుగు తీరము దాటి, నల్లగొండ, హైదరాబాదులకు దాపుగా పోయి అరేబియా సముద్రము చేరును. కనుక దినమునకు ఐదు మారులు మౌల్వీ ముఖము కాబాతోపాటు పుట్టిన సీమ వైపునకును తిరుగుచుండెను. మక్కా మసీదులో నిలుచున్నప్పుడు ఈ రెండును కలిసిరాలేదు. అక్కడినుండి నల్లగొండ ఆయన వీపు వైపున నుండెడిది.

ఆ రేవులో ఆయనకంటె దుర్భరమైన ప్రవాసము అనుభవించినవారు వేఱొకరు కలరు. వారు ఎక్కడికిని పోలేదు. అండమాను ఆదిమవాసులను మచ్చిక చేయుటకు 1863లో రాస్ దీవిలో ఒక గృహము కట్టి, తిండి, పొగాకు ఇచ్చి ఉంచిరి. మచ్చికతోపాటు వారెన్నడు ఎఱుగని రోగములు వచ్చినవి. 1877లో తట్టు సోకి ఎందఱో పోయిరి. ఖైదీలు ఏటేట పెరిగిరి. ఆ నేలకు సొంతదారులు ఏటేట తఱిగిరి. పరాయిదొరలచే తఱుమబడి వచ్చినవాని గొడ్డలియే వారి అడవి నరికినది. చరిత్ర ఈ విధముగా పీడితుని చేతనే పీడింపజేయుట క్రొత్త కాదు.

1872 ఫిబ్రవరి 8న రాజప్రతినిధి లార్డు మేయో వలసను చూడవచ్చెను. సాయంకాలము హారియట్ కొండ చూచి దిగి హోప్‌టౌను రేవుకట్ట చేరగా, చీకటిలో పొంచియున్న షేర్ అలీ అను పఠాను ఖైదీ కత్తితో పొడిచి చంపెను. మార్చి 11న వైపర్ దీవిలో ఆతనిని ఉరితీసిరి. హిందూదేశమును ఏలుచున్న రాజప్రతినిధి ఒకడు హత్యకు గురియగుట అదియొక్కటే. ఆ పిదప ఖైదీలపై కట్టుబాట్లు బిగిసెను. తమకు సంబంధము లేని కత్తిపోటునకు అందఱును మూల్యము చెల్లించిరి. అలాఉద్దీనునకు అప్పటికి నలువదియెనిమిది. ద్వీపమునకు వచ్చి పండ్రెండేండ్లు దాటెను.

మరల పదునొకండేండ్లకు, 1883 ఆగస్టు 27న, దూరముననుండి ఫిరంగి మ్రోతలవంటి శబ్దములు పోర్టుబ్లెయరులో వినబడెను. ఏదో ఓడ ఆపదలో నుండి సంకేతముగ పేల్చుచున్నదని తలచి వెదకుటకు పడవను పంపిరి. ఏ ఓడయు కనబడలేదు. తరువాత తెలిసినది, రెండువేల కిలోమీటర్లకు పైగా దూరమున జావా సుమత్రాల నడుమ క్రాకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనదని. కోఠీ గోడదగ్గఱ ఒక రాత్రియంతయు ఫిరంగుల మ్రోత విన్నవాడు ఇరువదియాఱేండ్లకు ఈ మ్రోత విను చోట నుండెను.

ఆ 1883లోనే, లార్డు రిప్పన్ కాలమున, థానేసరి జాఫరును మఱికొందఱిని విడిచిపుచ్చిరి. జాఫర్ భార్యాపిల్లలతో ఊరు చేరెను. అలాఉద్దీన్ విడుదలకై జరిగిన ప్రయత్నములు మాత్రము ఫలింపలేదు. నిజాము రాజ్యములోని మసీదునుండి లేచి రెసిడెన్సీ గోడను తాకినవాడు మరల ఆ మసీదు ముంగిట నిలుచుట ఇంగ్లీషువారికి ఇష్టము లేకుండెను. ఆయన లేనప్పుడు హైదరాబాదు చాల మాఱెను. అఫ్జలుద్దౌలా 1869లో పోయెను. రెండేండ్ల బిడ్డ మహబూబ్ అలీఖాన్ గద్దె నెక్కెను. 1874లో నగరమునకు రైలు వచ్చెను. చీదాఖానును అప్పగించిన సాలారుజంగు 1883లో మరణించెను. పాలమూరు జిల్లాకు నేడున్న మహబూబునగరు పేరు ఆ బిడ్డ పేరుమీద వచ్చినదే, 1890లో. మౌల్వీ ఆ పేరు ఎఱుగడు. 1880ల దశాబ్దములో, వచ్చి పాతికేండ్లకు తక్కువ కాకుండ గడిచిన పిదప, ఆయన ఆ ద్వీపముననే కన్నుమూసెను.

ఆయనను సెల్యులార్ జైలులో బంధించినట్లు కొందఱు వ్రాసిరి. అది పొరపాటు. ఆ యేడు రెక్కల చెఱసాల కట్టుట 1896లో మొదలై 1906లో ముగిసినది. అప్పటికి మౌల్వీ మరణించి ఏండ్లు గడచినవి. ఆయన కాలమున చెఱకు గోడలు లేవు. రాత్రి పాక, పగలు అడవి, అన్నిటి చుట్టు నీరు. తరువాత వచ్చినవారు, 1922 నాటి మన్యపు పితూరీలో పట్టుబడిన తెలుగువారితో సహా, ఆ గోడలు చూచిరి.

నేడు హైదరాబాదులో విమాన మెక్కినవారు రెండుమూడు గంటలలో ఆ రేవున దిగుదురు. దాని పేరు 2024లో శ్రీ విజయపురముగా మాఱినది. రాస్ దీవికి 2018లో నేతాజీ పేరు పెట్టిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయి స్థిరపడిన తెలుగువారు అక్కడ వేలకొలదిగా కలరు. బజారులో తెలుగు వినబడును. రాస్ దీవిలో దొరల బంగళాలు, గుడి, రొట్టెల కొట్టు కప్పులు పోయి, మఱ్ఱిజాతి చెట్ల వేళ్ల పట్టులో నిలుచున్నవి. వాని నడుమ జింకలు మేయుచుండును. కోఠీలోని రెసిడెన్సీ 1949 నుండి ఆడపిల్లల కళాశాలగా నుండి 2022లో మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. దానికి దాపున, బస్సులు తిరుగు చోట, 1857 వీరుల స్మారకము కలదు. దానిపై తుర్రెబాజ్ ఖాన్ పేరుతోపాటు మౌల్వీ అలాఉద్దీన్ పేరును చెక్కియున్నది.